పడనివి: లేవు

ఇందులో ఏది ముందు, ఏది వెనక అన్నది అక్కడక్కడ తారుమారై ఉండొచ్చు. అక్క టేపు పట్టుకుని వచ్చింది ముందా, బొమ్మ పదహారోసారి కూలబడింది ముందా అని ఎవరైనా నిలదీస్తే చెప్పడం కష్టం. రెండూ ఒకే నెలలో జరిగాయన్నది మాత్రం ఖాయం. ఆ చివరి ఆదివారం సంగతి అయితే అక్షరం పొల్లుపోదు.

ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేసేది. పొద్దున్నే షట్టరెత్తి, గాజు బల్ల తుడిచి, చిన్న చిన్న మరల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ సాయంత్రమే లేవడం. అద్దాలు బిగించడం, వేడిగాలి పెట్టి కాడలు వంచడం, ముక్కు మీద నొక్కే బుడిపెలు మార్చడం ఆమె పని. ఒకాయన ఒక్క ఫ్రేమునే ఏడుసార్లు తెచ్చాడు. ఎడమ చెవి దగ్గర నొక్కుతోందంటాడు, వదులు చేస్తే జారుతోందంటాడు, బిగిస్తే మళ్ళీ నొక్కుతోందంటాడు.

"మీకు మళ్ళీ శ్రమ ఇస్తున్నానమ్మా," అన్నాడు ఏడోసారి.

"పర్లేదండీ, ఇవ్వండి," అంది ఆమె.

ఆ మాట ఆమె నోట్లోంచి రోజుకి ఎన్నిసార్లు వచ్చేదో లెక్కలేదు. షాపు యజమాని భోజనం వేళ దాటించి పంపినా పర్లేదు. పక్క వాటా వాళ్ళు ఆమె తీగ మీద బట్టలారేసుకున్నా పర్లేదు. బొమ్మల వాళ్ళ గుంపులో ఆమె అసలు పేరు ఎవరూ వాడేవారు కాదు. అందరికీ ఆమె 'పర్లేదమ్మ'.

బొమ్మలంటే పిల్లలాడుకునేవి కావు. మూరెడు పైగా పొడుగుండే కీళ్ళ బొమ్మలు. మెడ, భుజం, మోచెయ్యి, మోకాలు, చీలమండ, ఎక్కడ చూసినా గుండ్రటి బంతి కీళ్ళు. ముక్కలన్నిటినీ లోపల ఒక ఎలాస్టిక్ తాడు పట్టి ఉంచుతుంది. తల పైభాగం డబ్బా మూతలా ఊడివస్తుంది. గాజు కళ్ళు లోపలినుంచి పెట్టుకోవాలి, జుట్టు విడిగా తొడగాలి, కనుబొమలు మనమే దిద్దుకోవాలి. ఇదంతా చేతులున్న ఎవరైనా చేస్తారు. కష్టమంతా గుణాల కాగితం దగ్గరే.

బొమ్మ ఇంటికొచ్చాక దాని పేరేమిటి, వయసెంత, ఏం పని చేస్తుంది, ఏవంటే ఇష్టం, ఏవి పడవు అన్నీ ఒక కాగితం మీద గడులు గీసి రాసి దాని ఎదురుగా చదవాలి. రాసినవి కుదిరాయా, బొమ్మ లేచి నిలబడుతుంది, మెల్లగా మాటలూ నేర్చుకుంటుంది. కుదరలేదా, ఉన్నచోటే కూలబడి ఉంటుంది. గుంపులో ఎవరైనా కొత్త బొమ్మ తెచ్చుకుంటే, పాలు తోడుకున్నాయా అన్నంత మామూలుగా "నిలబడిందా?" అని అడిగేవారు. ఒకటో రెండో కాగితాలు పోతే పోవచ్చు. మూడోదానికి ఏ బొమ్మైనా లేస్తుంది.

పర్లేదమ్మ బొమ్మ పంతొమ్మిదింటికి లేవలేదు.

అంతకుముందు ఆమెవి అన్నీ గుడ్డ బొమ్మలే; ఈ మొదటి కీళ్ళ బొమ్మ కోసం నాలుగేళ్ళు వరసలో ఉంది. అచ్చుల్లో బొమ్మలు పోసే పెద్దాయన ఏడాదికి ఆరో ఏడో చేస్తాడు. ఆయన షరతు ఒకటే. ఏడాదిలోగా నిలబడని బొమ్మ వరసలో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోవాలి. ఆ తర్వాతి ఆవిడ ప్రతి సోమవారం ఫోన్ చేసేది.

"నిలబడిందాండీ?"

"ఇంకా లేదండీ."

"అయ్యో పాపం," అనేది ఆవిడ. అందులో పాపం ఎంతుందో ఇద్దరికీ తెలుసు.

మొదటి కాగితంలో పర్లేదమ్మ దాన్ని నర్తకిని చేసింది. అందరితో కలుపుగోలుగా ఉంటుంది, అడక్కుండానే సాయం చేస్తుంది అని రాసింది. బొమ్మ కదల్లేదు. రెండోదాంట్లో దిక్కులేని రాకుమారి అయింది. తనకి అన్యాయం చేసినవాళ్ళనందరినీ క్షమించింది. వాక్యం పూర్తికాకముందే బొమ్మ తల వాల్చేసింది. తర్వాత విమానం నడిపించింది, నక్షత్రాలు చూపించింది, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో యూనియన్ పెట్టించింది. ఉహుఁ. ఏడో కాగితం అప్పుడు నడుం దగ్గర కాస్త కదిలినట్టయింది. ఆమె ఆగకుండా ఆఖరి గడి దాకా చదివింది. చదవడం అయ్యేసరికి బొమ్మ ఇంకాస్త కిందికి జారి, గోడకి వీపానించి, నాతో నీకేం పని అన్నట్టు కూర్చుంది.

లోపం ఒంట్లో ఉందేమో అనుకుంది. తల మూత తీసి, కొక్కెం లాగి, ఎలాస్టిక్ మూడుసార్లు మార్చింది. మోకాలి బంతులకి లోపల పలచటి తోలు అంటించింది. షాపునుంచి సన్నటి మరలు తెచ్చి చీలమండలు బిగించింది. బిగించిన కొద్దీ బొమ్మ మరింత గట్టిగా కూలబడింది. ఒకరోజు ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ విసిరికొట్టి, వెంటనే తనే వెళ్ళి తీసుకుని, మొన వంగిందేమో చూసి, గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టింది. కోపం కూడా పూర్తిగా రానివ్వని మనిషి.

గుంపు వాళ్ళని అడుగుదామంటే దానికీ ఓ చిక్కు ఉంది. కుదరని గుణాలు నలుగురిలో చదవకూడదు. పక్కవాళ్ళ బొమ్మల చెవిన పడితే అవి పాడవుతాయి. ఒకసారి ఎవరో తొందరపడి చదివితే, గుంపులోని కండక్టరు గారి బొమ్మకి నెల్లాళ్ళు నత్తి పట్టుకుంది. అందుకని ఆమెకి అందరూ సలహాలిచ్చారే తప్ప ఆమె ఏం రాస్తోందో ఎవరూ వినలేదు.

ఆ సలహాలు మాత్రం దండిగా ఇచ్చారు. గుంపు ఆదివారాలు కలిసేది డాక్టరమ్మ గారి పళ్ళ ఆసుపత్రిలో. ఆ రోజు రోగులుండరు కాబట్టి ముందుగది వాళ్ళదే.

"ముందు నోరు చూడు," అనేది డాక్టరమ్మ. "ఏ మాట బయటికి రాకుండా ఆపుకుంటోందో కనిపెడితే మిగతాది దానంతటదే వస్తుంది."

"నా మటుకు నేను నలభై ఏళ్ళు బస్సులో జనాన్ని చూసినవాణ్ణి," అనేవారు రిటైరైన కండక్టరు గారు. "ఆఖరి స్టాపొచ్చినా దిగనివాళ్ళుంటారే, వాళ్ళ గుణాలే నా రెండు బొమ్మలకీ ఇచ్చా. అందుకే అవి రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. వేరే అలమరలో పెట్టాల్సొచ్చింది."

"జుట్టు దువ్వి చూడమ్మా," అనేది విగ్గులు కుట్టే ఆవిడ. "చిక్కు తీసేటప్పుడు ఎక్కడ గింజుకుంటుందో అదే దాని గుణం."

పర్లేదమ్మ అన్నీ రాసుకుంది. నోరు చూసింది, జుట్టు దువ్వింది, షాపుకొచ్చే మనుషుల్ని దొంగచాటుగా గమనించి పది కాగితాలు నింపింది. బొమ్మ తన పాటికి తను కూర్చునే ఉంది.

ఈ గొడవలో ఉండగానే అక్క వచ్చింది. ఆమెకన్నా నాలుగేళ్ళు పెద్దది. అక్కా బావా ఉంటున్న ఇల్లు మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలి. పర్లేదమ్మది పైఅంతస్తులో రెండు గదుల ఇల్లు. ఒక మనిషి తిరిగితే మోచెయ్యి తగిలే వంటగది, వీధివైపు కిటికీ, కిటికీ కింద బొమ్మలకని చెక్కతో చేయించుకున్న బల్ల. అంతే.

"ముగ్గురం కలిసి ఉందాం అంటున్నారు మీ బావ," అంది అక్క కుర్చీలో కూలబడి. "నీకేమైనా ఇబ్బందా?"

పర్లేదమ్మకి ముందు బావ గుర్తొచ్చాడు. బావ పొద్దున్న లేచింది మొదలు రేడియో, టీవీ రెండూ పెట్టుకునే మనిషి. పదహారేళ్ళుగా ఆమె కనబడినప్పుడల్లా "ఏమ్మా, నీ బొమ్మలు భోంచేశాయా?" అని ఒకే జోకు వేసి, ఒకే నవ్వు నవ్వేవాడు.

"పర్లేదక్కా," అంది.

అక్క ఆమె మొహంకేసి ఒక్క నిమిషం చూసింది. ఇంకేదో అంటుందేమో అన్నట్టు ఆగింది. ఏమీ అనకపోయేసరికి సంచిలోంచి టేపు తీసి కిటికీ కొలవడం మొదలుపెట్టింది.

"ఈ బల్ల తీసేస్తే మంచం పడుతుంది," అంది, టేపు పంటితో పట్టుకుని.

"ఊఁ."

"తీసేస్తే నీకు బాధేం లేదుగా?"

"పర్లేదులే."

అక్క టేపు వదిలేసింది. అది సర్రున చుట్టుకుపోయి ఆమె వేలికి తగిలింది. "నీతో మాట్లాడ్డం, గోడతో మాట్లాడ్డం ఒకటేనే తల్లీ," అని వేలు నోట్లో పెట్టుకుంది. బల్లమీద బొమ్మ ఇద్దరికీ మొహం అటు తిప్పుకుని కూర్చుంది.

గడువు తీరే ఆదివారం రానే వచ్చింది. పర్లేదమ్మ తెల్లవారుజామునే లేచి ఇరవయ్యో కాగితం రాసింది. ఆసుపత్రినుంచి అటే వెళ్ళి పరదాల బట్ట ఎంచుకోవాలని అక్క కూడా వెంట వచ్చింది. ఇద్దరూ వెళ్ళేసరికి వరసలో తర్వాతి ఆవిడ అప్పటికే వచ్చి, లోపల మెత్తటి దూది పరిచిన ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నిలబడిందాండీ?" అంది ఆవిడ.

"ఇప్పుడు చదువుతానండీ," అంది పర్లేదమ్మ.

గడువు రోజున నలుగురి ముందు చదవొచ్చు. మిగతావాళ్ళు తమ బొమ్మల చెవులకి దూది చుట్టి పక్కగదిలో పెట్టొచ్చారు. డాక్టరమ్మ గారు పత్రికలు పెట్టే బల్లమీద చోటు చేశారు. అక్క కూర్చోడానికి వేరే కుర్చీ లేక, లోపలికి తలుపు తెరిచే ఉంది కదా అని, వెళ్ళి పళ్ళు పీకే కుర్చీలో కూర్చుంది. అది వెనక్కి వాలింది.

పర్లేదమ్మ చదివింది. ఈసారి బొమ్మ పడవ నడిపే మనిషి. అవతలి ఒడ్డుకి వెళ్ళాల్సిన వాళ్ళని వేళాపాళా చూడకుండా దాటిస్తుంది. ఇష్టమైనవి: నది, నిశ్శబ్దం, అందరూ బాగుండటం.

ఆఖరి గడి దగ్గరికొచ్చింది.

"పడనివి: లేవు."

బొమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగి, బల్లమీద పడుకుంది.

కండక్టరు గారు చిన్నగా దగ్గారు. తర్వాతి ఆవిడ పెట్టె మూత తీసింది.

"ఏం చదివావు?" పళ్ళ కుర్చీలోంచి అక్క గొంతు వినిపించింది.

"ఇరవయ్యో కాగితం అక్కా."

"అది కాదు. ఆఖర్న. పడనివి ఏమిటన్నావ్?"

"లేవు అని."

"ఇరవై కాగితాల్లోనూ అదే రాశావా?"

"ఆ గడిలో అన్నిట్లోనూ అంతే. ఎందుకక్కా, మంచిదాన్ని చేద్దామనుకున్నప్పుడు..."

"పడనివి ఏమీ లేకపోతే అది పడిపోక ఏం చేస్తుందే!"

విగ్గుల ఆవిడకి నవ్వాగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క మాత్రం నవ్వడం లేదు. వెనక్కి వాలిన కుర్చీలోంచి లేవాలని చూసి, లేవలేక, చేతులాడిస్తూ అక్కడినుంచే కేకలు మొదలుపెట్టింది.

"నలభై నాలుగేళ్ళొచ్చాయి, పడనివి లేవుట! నీకా? కండక్టరు గారూ, మీ దగ్గర పెన్నుందా? రాసుకోండి, నేను చెప్తా. కాళ్ళు తుడుచుకునే పట్టా తడిగా ఉంటే దీనికి పడదు. బల్లమీద గ్లాసు మరక గుండ్రంగా పడితే పడదు. పుస్తకం మూల మడిస్తే పడదు. ఫోన్ చేసి, ఎవరో చెప్పుకో అనేవాళ్ళు పడరు."

"మెల్లగా చెప్పండమ్మా," అన్నారు కండక్టరు గారు మోకాలి మీద కాగితం పెట్టుకుని. "మెల్లిగా. స్టాపులెక్కువున్నాయి."

"తన కత్తెరతో ఎవరైనా అట్టముక్క కోస్తే పడదు. కోసినవాళ్ళకి పర్లేదండీ అని చెప్పి, వాళ్ళటు వెళ్ళగానే సానపెట్టుకుంటుంది. వంటింట్లో తనుండగా ఇంకొకళ్ళు వస్తే పడదు. అలిగి నడుం వంచి అన్నం గిన్నెనే తోముతూ ఉంటుంది. పళ్ళు కొరుక్కుంటుంది."

"అవును," అన్నారు డాక్టరమ్మ. "పై దంతాలు అరిగిపోయాయి. పోయినేడు నేనే చెప్పాను. పర్లేదు అంది."

బల్లమీద బొమ్మ మోచేతుల మీద లేచి కూర్చుంది. ఒక మోకాలు మడిచింది.

"అక్కా, ఇంక చాలు," అంది పర్లేదమ్మ. మొహం ఎర్రబడింది. "అందరూ వింటున్నారు."

"విననీ! చిన్నప్పుడు నా పాత గౌన్లన్నీ నీకే ఇచ్చేవారు. ఒక్కటీ నీకు పడేది కాదు. నువ్వు ఒక్కనాడు అనలేదు. మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక గోడవారగా కూర్చుని, అంచు విప్పి మళ్ళీ వేరేలా కుట్టుకునేదానివి. నేను చూడలేదనుకున్నావా? తలుపు సందులోంచి చూస్తూ నుంచునేదాన్ని. వెళ్ళి నాతో పోట్లాడవే అని మనసులో అనుకునేదాన్ని."

కండక్టరు గారు అదీ రాసుకున్నారు.

"మీ బావ జోకు పడదు. ఆ మాటకొస్తే నాకూ పడదనుకో. పదహారేళ్ళు! రాశారా? రేడియో, టీవీ రెండూ ఒకేసారి పడవు. ఇంకొకటి రాయండి. నేను పడను దీనికి."

"అదేం మాటక్కా!"

"నేను వస్తే నీకు ఇల్లు చాలదు, ఊపిరాడదు. అవునా, కాదా?"

"అక్కా, అదేం... పర్లే..."

బొమ్మ మోకాలు జారింది. గాజుకళ్ళు పర్లేదమ్మ వైపు తిరిగి ఉన్నాయి. తర్వాతి ఆవిడ పెట్టెతో సహా కుర్చీ అంచుకి జరిగింది.

పర్లేదమ్మ ఆ పెట్టెలోని దూదిని చూసింది. నాలుగేళ్ళ వరస. ఇరవై కాగితాలు. కిటికీ కింద బల్ల. కోపం పూర్తిగా వచ్చింది. ఈసారి దాన్ని గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టడానికి టైము లేకపోయింది.

"అవును!" అంది. తన గొంతేనా అని తనకే అనుమానం వచ్చేంత గట్టిగా అంది. "నాకు పడదు! నువ్వు నా గిన్నెలు ఏ గూట్లోవి ఆ గూట్లో పెట్టవు. నా బల్ల తీసేస్తావు. బావ రోజూ ఆ జోకు వేస్తాడు. నాకు ఇష్టం లేదక్కా. మీరు నా ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు. ఇన్ని తెలిసి, అన్నీ తెలిసి, మరి ఎలా వస్తానన్నావు?"

"నువ్వు పర్లేదన్నావు కదే! కాదంటావనే అడగడానికొచ్చా. నాకు మాత్రం ఇష్టమా ఆ అగ్గిపెట్టెలో ముగ్గురం ఉండటం? నువ్వు వద్దంటే ఆ వంకన ఇంకో ఇల్లు చూద్దామనుకున్నా. పర్లేదన్నావు. ఇంక మీ బావకి ఏమని చెప్పను? మా చెల్లెలు ఊరికే అంటుంది, నమ్మకండీ అనా?"

అక్క కుర్చీ చేతిమీద ఒక్కటి చరిచింది.

"వయసెంత వెయ్యమంటారు?" అడిగారు కండక్టరు గారు, పెన్ను ఎత్తి.

"నాకంటే నాలుగేళ్ళు తక్కువ," అంది అక్క.

"పేరో?"

"ఇదొకటా! మొద్దు అని రాయండి!"

ఆయన రాశారు. రాసి, పైనుంచి కిందిదాకా బస్సు స్టాపులు చదివినట్టు ఒక్క గుక్కలో చదివారు. పేరు మొద్దు. పడనివి పద్నాలుగు. 'అక్క' దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగి పర్లేదమ్మకేసి చూశారు.

"చదవండి," అంది ఆమె.

ఆయన చదివేసరికి బొమ్మ రెండు పాదాలూ బల్లకి ఆనించి, మోకాళ్ళు సవరించుకుని, నిటారుగా లేచి నిలబడింది. చేతులు నడుం మీద పెట్టుకుంది.

"నిలబడింది," అన్నారు డాక్టరమ్మ. వెళ్ళి అక్క కుర్చీ కింద మీట నొక్కితే కుర్చీ పైకి లేచింది.

తర్వాతి ఆవిడ పెట్టె మూసేసి, "మరి పెద్దాయన ఇంకోటి ఎప్పుడు పోస్తారో ఎవరికైనా తెలుసాండీ?" అంది.

పరదాల కొట్టుకి వెళ్ళలేదు. అక్కాచెల్లెళ్ళు బస్ స్టాపులో బెంచీకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. మధ్యలో బొమ్మ పెట్టె. రెండు బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. ఏదీ వాళ్ళది కాదు.

"రెండు వీధుల అవతల ఒక వాటా ఖాళీ ఉందిట," అంది అక్క చివరికి. "కింద వాటా. మీ బావ మోకాళ్ళకి మెట్లు పడవు. రేపు చూసొస్తాం."

"చూడండి."

"మనిద్దరికీ పడదే," అంది అక్క. అని, ఎందుకో నవ్వింది. మూటేదో దింపుకున్న మనిషిలా నవ్వింది. చెల్లెలికీ నవ్వొచ్చింది. ఇద్దరూ ఎదురు ఫుట్‌పాత్ మీది వాళ్ళు తిరిగి చూసేదాకా నవ్వారు.

"సరే, రేపు ఆరింటికి ఫోన్ చేసి ఇల్లెలా ఉందో చెప్తా," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.

పర్లేదమ్మ నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెట్టెలో ఎవరో కాలు కదిపిన చప్పుడైంది.

"ఆరింటికి వద్దక్కా. అప్పుడు షాపునుంచి వచ్చి ఊరికే కూర్చుంటాను. ఎనిమిది దాటాక చెయ్యి."

"ఎనిమిదింటికా?"

"దాటాక."

"సరేనే తల్లీ, దాటాకే!" అంది అక్క, బస్సొస్తుంటే లేచి చెయ్యెత్తుతూ.

ఏమే మనవరాలా, నేను రాసిన ఈ కథ ఎవరికైనా ఇచ్చేముందు బొమ్మ పేరు ఒకసారి సరిచూడు. మొద్దు అనే రాశాను కానీ, ఒక్కోసారి మొండి అని కూడా నోటికొస్తోంది. కండక్టరు గారి దగ్గర ఆ కాగితం ఉండాలి.